సినిమా సందేహాలు: నోరొకటి, మాటొకటి

ప్రశ్న: హిందీ సినిమాలు తెలుగులో చూస్తుంటే క్లోజప్పుల్లో పెదాలకూ మాటకూ పొంతన కుదరదు. అనువాదం బాగున్నా ఎందుకిలా?

జవాబు: అనువాదం బాగుండటం వేరు, నోటికి పట్టడం వేరు. ప, బ, మ పలికేటప్పుడు రెండు పెదాలూ మూసుకుంటాయి. కన్ను ముందు పట్టుకునేది వాటినే. హిందీలో ‘నామ్’ అంటే పెదాలు చివర్లో మూతపడతాయి. అక్కడ ‘పేరు’ అని పెడితే మొదట్లోనే మూతపడాలి, చివర తెరుచుకోవాలి. పూర్తిగా తారుమారు! పైగా మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, తెర మీద నోరు ఆగాక కూడా గొంతు సాగుతుంది. సెకనుకు 24 ఫ్రేములు; ఆరు తప్పితే పావు సెకను తేడా, ఎవరికైనా తెలిసిపోతుంది.

అందుకే పని తెలిసిన రచయిత పెదాలు కలిసే చోట్లు ముందు గుర్తు పెట్టుకుని, వాక్యాన్ని అటూ ఇటూ తిప్పి రాస్తాడు. నటుడు వెనక్కి తిరిగిన షాట్ దొరికితే పండగే, పొడుగు మాటలన్నీ అక్కడికి నెట్టేయొచ్చు. ‘మాయాబజార్’ (1957) లాగా తెలుగు, తమిళాల్లో విడివిడిగా తీస్తే ఈ తంటా ఉండదు, కానీ ఖర్చు పెరుగుతుంది.

ప్రశ్న: కొన్ని పాత డబ్బింగ్ సినిమాల్లో మాట రాగానే వెనక చప్పుళ్లు మాయమవుతాయేం?

జవాబు: మాటలు లేకుండా సంగీతం, ఎఫెక్ట్స్ ఉన్న ట్రాక్ విడిగా అందకపోతే, అసలు మాటతో పాటు అడుగుల చప్పుడు, గాజుల గలగల కూడా పోతాయి. వాటిని స్టూడియోలో మళ్లీ రికార్డు చేయాలి. తొందరలో ఉన్నవాళ్లు వదిలేస్తారు.