మూత విప్పేముందు టార్చి వేసి చూడు

అమ్మడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. టీవీలో మాట వినిపిస్తోందట, బొమ్మ రావట్లేదట, నువ్వేమో వెనక మూత విప్పి నేనే బాగుచేస్తానంటున్నావట. ఇంట్లో స్క్రూడ్రైవర్ పట్టే పిల్ల ఒకత్తి తయారైందని తెగ సంబరపడ్డాను. పడుకున్నాక టెన్షన్ మొదలైంది. అందుకే ఈ ఉత్తరం.

ప్లగ్ తీసి కాసేపాగి పెట్టడం, కేబుల్ మార్చడం, వారంటీ ఉందేమో చూడటం చేసే ఉంటావు.

ఇప్పుడు గదిలో లైట్లార్పి, టీవీ ఆన్‌లోనే ఉంచి, తెరకి దగ్గరగా ఏటవాలుగా టార్చి వెయ్యి. లోపల బొమ్మ లీలగా కదులుతూ కనిపిస్తే ప్యానెల్, అంటే బొమ్మ చూపించే తెర, బతికే ఉన్నట్టు. దాని వెనక వెలుగిచ్చే ఎల్ఈడీ పట్టీలు పోయుంటాయి. వాటిలో దీపాలు వరసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి తెగినా మిగతావీ ఆరిపోతాయి. అది బాగుచేయించుకోదగ్గ రోగమే. పోయిన దీపం ఒక్కటే మారుస్తానంటే మాత్రం ఒప్పుకోకు, పట్టీలన్నీ మార్పించు. మిగతావాటి వయసూ అంతేగా. (ఓఎల్ఈడీ అయితే ఈ పరీక్ష దండగ, దానికి వెనక దీపాలే ఉండవు.)

తెర పగిలితే ఆలోచించకు, కొత్తది కొనెయ్. ప్యానెల్ ఖరీదే దాదాపు టీవీ అంత ఉంటుంది. మిగతా వాటికి నా లెక్క ఒక్కటే: రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే వద్దు. ఏడెనిమిదేళ్ల సెట్టయితే మూడో వంతు దగ్గరే ఆగిపోతాను.

ఇక మూత సంగతి. మా చిన్నప్పటి పిక్చర్ ట్యూబు టీవీలో ఓసారి తెర మధ్య అడ్డంగా ఒక్క తెల్లగీత తప్ప ఏమీ రాలేదు. ఎక్కడో చిన్న సోల్డర్ అతుకు వదిలి ఉంటుంది, అంతే. ప్లగ్ పీకేశాక ఇంక కరెంటెక్కడిదని ధీమాగా విప్పాను. బోర్డు బయటికి రావాలంటే ట్యూబు మీదున్న రబ్బరు టోపీ తియ్యాలి. దాని కింద వేల వోల్టులు నిలవ ఉంటాయని నాకెవరు చెప్పారు? వేలు లోపలికి పోయిందో లేదో, చెయ్యి దానంతటదే వెనక్కి ఎగిరింది. మోచెయ్యి వెళ్లి ట్యూబు మెడకి తగిలింది. సన్న గాజు, టిక్కుమంది. తర్వాత సుయ్‌మని గాలి లోపలికి పోతున్న చప్పుడు. ఆ చప్పుడు నాకిప్పటికీ గుర్తే. చిన్న సోల్డర్‌తో పోయేదాన్ని ట్యూబుతో సహా చంపేశాను.

పక్కన టార్చి పట్టుకుని మీ అమ్మ. అప్పటికి పదేళ్లది. చెయ్యి గడగడా వణుకుతున్నా టార్చి దించలేదు. ట్యూబు దానంతటదే పోయిందని నాన్నకి అబద్ధం చెప్పాను. అది నోరు విప్పలేదు. చచ్చిన టీవీకి మాత్రం దుమ్ము పడకుండా చాలా రోజులు గుడ్డ కప్పింది. ఈ కథ నీకూ చెప్పి ఉండదు.

మీ టీవీలో ట్యూబు లేదుగా అంటావు. పవర్ బోర్డు మీద కరెంటు నిలవ చేసే లావుపాటి కెపాసిటర్ ఉంటుంది, అందులో మూడొందల వోల్టుల పైనే. ప్లగ్ తీశాకా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. పైగా ఆ పట్టీలు అందాలంటే ముందు ప్యానెల్ ఎత్తాలి. అంత వెడల్పు పల్చటి గాజుని ఒంటిచేత్తో ఎత్తుతావా, పిచ్చిపిల్లా? వీడియోలో వాడు పది నిమిషాల్లో చేసేస్తాడు. పగలగొట్టుకున్నవాడు వీడియో పెట్టడు.

ఆ పని మెకానిక్‌కి వదిలెయ్. అతను చేస్తుంటే పక్కన నిలబడి చూడు, అడుగు, విసుక్కున్నా అడుగు. బాగయ్యాక బ్యాక్‌లైట్ కాస్త తగ్గించుకో, ఫుల్‌గా పెట్టి వాడితే ఆ దీపాలు తొందరగా పోతాయి.

టార్చి పరీక్ష మాత్రం ఈ రాత్రే చెయ్యి. పట్టుకోవడానికి మీ అమ్మని పిలు, దానికి అలవాటే.

మామయ్య