సజ్నేఖాలికి అమ్మగారితో వెళ్లాలంటే

ప్రశ్న: జనవరిలో సుందర్‌బన్స్‌లోని సజ్నేఖాలి లాడ్జిలో రెండు రాత్రులు గడపాలని అనుకుంటున్నాము. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా చేరి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన, పడవల మీద వెళ్లవచ్చని విన్నాము. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మగారితో ఈ ప్రయాణం సాధ్యమేనా? పులి కనిపిస్తుందా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: సాధ్యమే. అయితే మీరు ఆలోచించవలసింది దూరం గురించి కాదు, రేవుల గురించి.

కోల్‌కతా సైన్స్ సిటీ నుంచి బాసంతి హైవే మీదుగా గోద్‌ఖాలి రేవు సుమారు 100 కిలోమీటర్లు. దారిలో సంతల రద్దీ ఉంటుంది కనుక మూడు గంటలకు పైనే పడుతుంది. కారు అక్కడితో ఆగిపోతుంది. స్థానికులు పడవలో నది దాటి గోసాబా ద్వీపం చేరి, టోటో అని పిలిచే బ్యాటరీ రిక్షాలో ద్వీపం అవతలి కొసనున్న పాఖిరాలయ్‌కు వెళ్లి, మళ్లీ పడవెక్కి ఎదురుగా ఉన్న సజ్నేఖాలికి చేరుకుంటారు. ఖర్చు తక్కువే గాని, అమ్మగారు రెండు పడవలు ఎక్కి దిగవలసి వస్తుంది. అందువల్ల గోద్‌ఖాలిలోనే లాంచీ మాట్లాడుకుని నేరుగా సజ్నేఖాలికి వెళ్లమని నా సలహా. మర్నాడు అడవి కాలువల్లో తిరగడానికీ అదే లాంచీ పనికివస్తుంది.

ఇక ఆటుపోట్ల సంగతి. పోటు మీద లాంచీ రేవు పైమెట్టు దాకా వస్తుంది. ఆటు సమయంలో నీరు బాగా కిందికి దిగిపోయి, ఒండ్రు పేరుకున్న జారుడు మెట్లు బయటపడతాయి, వాటి మీదుగా దిగి సన్నని బల్ల మీద నడిచి లాంచీ ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి అసలు కష్టం ఆ పది అడుగుల్లోనే. పోటుకూ ఆటుకూ నడుమ ఇంచుమించు ఆరు గంటలు. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ వస్తాయి. కాబట్టి బయలుదేరే ముందురోజే లాంచీ వారిని పోటు ఎప్పుడని అడిగి, ఆ వేళకు రేవు చేరేలా కారు మాట్లాడుకోండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో నీరు మరీ దిగువకు పోతుంది కనుక అష్టమి దరిదాపుల్లో ప్రయాణం పెట్టుకుంటే మేలు.

రాష్ట్ర పర్యాటక సంస్థ వారి లాడ్జి పక్కనే అటవీ కార్యాలయం ఉంది. ప్రవేశ అనుమతికి అందరి గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి. లాంచీలో అటవీ శాఖ గుర్తించిన గైడు తప్పనిసరి. చీకటి పడ్డాక కాలువల్లో తిరగనివ్వరు, వాచ్ టవర్ల దగ్గర తప్ప అడవిలో ఎక్కడా దిగనివ్వరు.

భారత సుందర్‌బన్స్‌లో 2022 గణన ప్రకారం ఉన్నవి సుమారు 100 పులులు. దట్టమైన మడ అడవిలో, బురద గట్ల మీద వాటి అడుగుజాడలు కనిపించినా అదృష్టమే. పులి కోసమే అయితే ఇంత దూరం వెళ్లవద్దని నిజాయితీగా చెబుతున్నాను. ఆటు సమయంలో గట్ల మీద ఎండ కాగే ఉప్పునీటి మొసళ్లు, పెద్ద ఉడుములు, చుక్కల జింకలు, రకరకాల లకుముకి పిట్టలు మాత్రం తప్పక చూడదగినవి. అంతరించిపోయే స్థితికి వచ్చిన బటాగుర్ బస్కా తాబేళ్లను సజ్నేఖాలిలోనే చెరువులో పెంచుతున్నారు. ఆ చెరువు దాకా నడక కొద్దిపాటిదే కనుక అమ్మగారికి కూడా చూపించండి.

హౌరాలో ఫలక్‌నుమా ఉదయాన్నే బయలుదేరుతుంది. అందుచేత తిరుగు ప్రయాణంలో ముందురోజు రాత్రి కోల్‌కతాలోనే బస చేయండి.