పాము కళ్లు, గూడ్సు పెట్టెలు

ప్రశ్న: అమెరికా క్యాసినోల వీడియోల్లో పాచికల బల్ల దగ్గర 'స్నేక్ ఐస్', 'బాక్స్‌కార్స్', 'యో' అని అరుస్తుంటారు. ఏమిటివి? ఎక్కడి నుంచి వచ్చాయి?

జవాబు: మీరు చూసింది క్రాప్స్ అనే ఆట. రెండు పాచికలు, చుట్టూ జనం, ఒకటే గోల. రెండు పాచికల మీదా ఒక్కో చుక్కే పడితే రెప్ప వేయకుండా మన వైపే చూస్తున్న పాము కళ్లలా ఉంటాయి కాబట్టి స్నేక్ ఐస్. రెండిటి మీదా ఆరేసి పడితే, వరసగా ఉన్న ఆ చుక్కలు అక్కడివాళ్లకి గూడ్సు బండి పెట్టెల్లా కనిపించాయి, వాటినే బాక్స్‌కార్స్ అంటారు.

'యో' వెనక మాత్రం అవసరం ఉంది. ఇంగ్లీషులో ఏడు సెవెన్, పదకొండు ఇలెవెన్, రెండిటికీ తోక ఒకటే. ఆ గోలలో ఒకటి ఇంకోటిగా వినిపించిందంటే డబ్బు దగ్గర గొడవే, అందుకే పొడుగాటి కర్రతో పాచికలు జరిపే స్టిక్‌మ్యాన్ 'యో-లెవెన్' అని అరుస్తాడు, ఆడేవాళ్లు దాన్ని ఇంకా కుదించి 'యో' చేశారు.

అసలు ఏడు అన్న మాట ఎత్తితేనే కొందరు కొట్టేలా చూస్తారు. మొదటి విసురులో ఏడు పడితే గెలుపే గానీ, 4, 5, 6, 8, 9, 10లో ఒకటి పడి అది 'పాయింట్' అయ్యాక, ఆ అంకె మళ్లీ పడేలోపు ఏడు వచ్చిందా, పందెం పోయినట్టే. పైగా 36 రకాల పాట్లలో ఆరు ఏడువే, అన్నిటికంటే ఎక్కువసార్లు పడేది అదే. రాత్రిపూట పామును పురుగు అన్నట్టు, వాళ్లు ఏడును 'బిగ్ రెడ్' అనో 'డెవిల్' అనో అంటారు.

ఇక ఆట పేరు. ఇంగ్లండులో హజార్డ్ అని పాత ఆట ఉండేది, 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ కథల్లోనూ దాని ప్రస్తావన ఉంది. అందులో అన్నిటికంటే చిన్న పాటును 'క్రాబ్స్', అంటే పీతలు, అనేవాళ్లు. ఆ మాట ఫ్రెంచివాళ్ల నోట నలిగి, అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ చేరి క్రాప్స్ అయింది. కప్ప అని అర్థమొచ్చే ఫ్రెంచి మాట నుంచి వచ్చిందని ఇంకో కథ చెబుతారు, నాకైతే పీత కథే నమ్మబుద్ధవుతుంది. ఆ ఊళ్లో ఈ ఆటకు పేరు తెచ్చింది బెర్నార్డ్ డి మారిన్యీ అనే పెద్ద భూస్వామి అంటారు. తన తోటను ప్లాట్లు వేసి అమ్ముతూ ఒక వీధికి ఏకంగా 'ర్యూ ద క్రాప్స్' అని పేరు పెట్టాడు మహానుభావుడు.

ప్రశ్న: 'హార్డ్ ఎయిట్' ఏమిటి? ఎనిమిది ఎనిమిదే కదా, అందులో కష్టం ఏముంది?

జవాబు: 4, 4 పడితేనే హార్డ్. అది ఒక్క రకంగానే పడుతుంది. 5, 3 గానీ 6, 2 గానీ అయితే ఈజీ, అది నాలుగు రకాలుగా పడుతుంది.

ఒక సంగతి గమనించండి, పేరు ఎంత ముద్దుగా ఉంటే ఆ పందెం అంత చెడ్డది. స్నేక్ ఐస్ సగటున 36 విసుర్లకు ఒకసారి పడుతుంది. విసురుకో డాలరు కాస్తే 35 పోగొట్టుకుంటారు, గెలిచినప్పుడు మామూలుగా వచ్చేది 30. అంటే వంద డాలర్లు కాస్తే దాదాపు 14 క్యాసినోకే. బాక్స్‌కార్స్‌దీ అదే లెక్క. వందకు 1.41 మాత్రమే పోయే మామూలు పందెం ఒకటి అదే బల్ల మీద ఉంది. మొదటి విసురు, పాయింట్ అని పైన చెప్పానే, ఆ పందెమే. దాని పేరు పాస్ లైన్, స్టిక్‌మ్యాన్ దాన్ని రాగం తీసి పిలవడు.