నా ఉడుత బొమ్మ ఇంకెవరి బొమ్మలాగో ఉందట. పుస్తకం ఆపేయాలా?

ముంజికాయల బండి తోసే ఉడుతను మీ అంతట మీరే గీసుకున్నారు. స్నేహితురాలు చూసి, ఒక విదేశీ కార్టూన్‌లో ఉడుత అచ్చం ఇలాగే ఉంటుందని అంది. అప్పటినుంచి కేసు భయంతో పని ఆపేశానన్నారు. ఆపకండి. నేను పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తాను. నాలుగేళ్ల కిందట నాకూ ఇదే జరిగింది.

పుస్తకం ప్రూఫుల దాకా వచ్చాక ఎడిటర్ గారు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. వేరే దేశపు పుస్తకం అట్ట మీద మేకపిల్ల. ఒక చెవి నిలబడి ఉంది, ఒకటి వాలిపోయి ఉంది, మెడలో ఎర్ర సంచి. నా మేకపిల్లకీ అదే చెవి, అదే సంచి. నాకు చేతులు చల్లబడిపోయాయి. ఆ పుస్తకం నేనెప్పుడూ చూడలేదంటే ఎవరు నమ్ముతారు?

ఆ రాత్రి అటక మీది స్కెచ్ పుస్తకాలన్నీ దించాను. చెవి ఎక్కడిదో దొరికింది. మా అమ్మమ్మ వాళ్లింట్లో మేకపిల్ల చెవిని కుక్క పట్టి చీల్చింది, మానాక అలా వాలిపోయింది. చీలిక ఎంతవరకు ఉండాలో తేలక ఆ చెవినొక్కదాన్నే పదకొండు సార్లు గీశాను, పక్కన తేదీలు కూడా ఉన్నాయి. సంచికి మాత్రం వెనక ఏమీ లేదు. ఒక పేజీలో ఉన్నట్టుండి, రంగుతో సహా, తయారై కూర్చుంది. అది చూడగానే అనుమానం వచ్చింది, ఎక్కడో చూసే ఉంటానని.

చట్టం సంగతి. కాపీ కొడితేనే కాపీరైట్ ఉల్లంఘన. ఇద్దరు ఎవరికి వారు గీసుకుంటే, పోలిక ఎంత ఉన్నా అది తప్పు కాదు. 1951 మార్చి 12న అమెరికా పత్రికల్లో హ్యాంక్ కెచమ్ గీసిన డెనిస్ అనే అల్లరి పిల్లాడు మొదలయ్యాడు. సరిగ్గా అదే రోజు బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చిన ‘బీనో’ అనే పిల్లల బొమ్మల పత్రికలో డేవిడ్ లా గీసిన ఇంకో అల్లరి డెనిస్ ఉన్నాడు. ఇద్దరి పేరూ ‘డెనిస్ ద మెనస్’. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ ఇద్దరు డెనిస్‌లూ దశాబ్దాల తరబడి కొనసాగారు.

కానీ తెలియకుండా కాపీ అయినా అది కాపీయే. 1976లో బీటిల్స్ బృందంలో పాడిన జార్జ్ హారిసన్ పాట కేసులో అమెరికా కోర్టు అదే అంది: కావాలని చేయలేదు, పాత పాట మనసులో ఉండిపోయి బయటికి వచ్చింది, అయినా బాధ్యత తనదే. నా సంచి నన్ను భయపెట్టింది అందుకే.

మన దగ్గర, తన నాటకాన్ని కాపీ కొట్టి సినిమా తీశారని ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పే ఇప్పటికీ ఆధారం. ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైట్ ఉండదు. రెండూ చూసినవాడికి ఇది దానికి నకలు అని తిరుగులేకుండా అనిపిస్తేనే ఉల్లంఘన. ఉడుత, చారలు, గుబురు తోక ఎవరి సొత్తూ కాదు. శైలి కూడా అంతే. బాపు గారి గీత మన చేతుల్లోకి ఎంత దిగినా అది దొంగతనం కాదు, ఆయన వేసిన ఫలానా బొమ్మను దించేస్తేనే తప్పు.

చెవిని ముట్టుకోలేదు. సంచి తీసేసి తాటాకు బుట్ట వేశాను, ఇరవై రెండు పేజీల్లో. వారం పట్టింది. నిజానికి బుట్టే దానికి నప్పింది. స్కెచ్‌లు తేదీలతో సహా స్కాన్ చేసి ఎడిటర్ గారికి పంపాను, పుస్తకం వచ్చింది.

మీరూ ఈ రాత్రి ఆ రెండు ఉడుతల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ప్రతి పోలికకీ మీ స్కెచ్‌లలో మూలం ఎక్కడుందో వెతకండి. మూలం దొరకనిది ఏదైనా ఉంటే అది మార్చండి. మీ ఊరి ముంజికాయల బండిని మాత్రం వదలకండి, ఆ ఉడుతను మీదిగా చేసింది అదే.

పేరు సంగతి వేరు. అది ట్రేడ్‌మార్క్ కిందికి వస్తుంది, అక్కడ ‘నాకు తెలియదు’ అంటే చెల్లదు. ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఉచితంగా వెతకొచ్చు. అక్కడ సరుకుల్ని తరగతులుగా విడగొట్టారు: పుస్తకాలకు 16వ తరగతి, పిల్లలు ఆడుకునే బొమ్మలు అమ్మే ఆలోచన ఉంటే 28 కూడా చూడండి. ఉడుతకు పేరు పెట్టేశారా?