శుక్రవారం రాత్రి విందు.. అర్ధరాత్రి ఛాతీలో మంట

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 34. ఎత్తు 170 సెం.మీ., బరువు 84 కిలోలు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారమంతా ఇంటి భోజనమే. శుక్రవారం మాత్రం స్నేహితులతో సినిమా చూసి, రాత్రి పదిన్నరకు హోటల్‌కి వెళ్తాం. స్టార్టర్లు, బిర్యానీ, కూల్‌డ్రింక్, అప్పుడప్పుడూ బీరు. ఇల్లు చేరేసరికి పన్నెండు. మంచం మీద వాలి వెబ్‌సిరీస్ చూస్తూనో, పుస్తకం చదువుతూనో నిద్రలోకి జారుకుంటాను. రెండింటి ప్రాంతంలో ఛాతీలో మంట, గొంతులోకి పుల్లటి నీళ్లు, దగ్గుతో మెలకువ వస్తోంది. శనివారం పొద్దున పాంటాప్రజోల్ 40 ఎంజీ మాత్ర వేసుకుంటున్నాను. మిగతా రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. ఎండోస్కోపీ చేయించుకోవాలా? బిర్యానీ మానేయాల్సిందేనా? - ఒక పాఠకుడు

జవాబు: మీరు చెప్పినవి యాసిడ్ రిఫ్లక్స్ లక్షణాలు. జీర్ణాశయంలోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల వచ్చే బాధ ఇది. వారానికి ఒక్కసారే, అదీ ఆలస్యంగా భారీగా తిన్న రాత్రే వస్తోంది కాబట్టి ఇప్పటికిప్పుడు ఎండోస్కోపీ (నోటి ద్వారా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) అవసరం లేదు. బిర్యానీ పూర్తిగా మానక్కర్లేదు. స్నేహితులతో గడిపే ఆ సాయంత్రాన్ని అసలే వదులుకోవద్దు. మార్చాల్సింది వరస. ముందు సినిమా, తర్వాత భోజనం, ఆ వెంటనే మంచం అన్నదాన్ని తిరగేయండి. ముందు భోజనం, తర్వాత సినిమా, ఆ తర్వాతే మంచం.

కారణం చెబుతాను. అన్నవాహిక, జీర్ణాశయం కలిసే చోట గుండ్రటి కండరం ఒకటి ఉంటుంది. మింగినప్పుడు తెరుచుకుని, మిగతా సమయంలో బిగుసుకుని ఉండాలి. పొట్ట బాగా సాగినప్పుడు అది మాటిమాటికీ వదులవుతుంది. మద్యం, కొవ్వు, చాక్లెట్, పుదీనా కూడా దాన్ని వదులు చేస్తాయి. మామూలు భోజనమే జీర్ణాశయాన్ని దాదాపుగా ఖాళీ చేయడానికి నాలుగు గంటలు తీసుకుంటుంది. నెయ్యి, నూనె, మాంసం ఎక్కువైతే ఇంకా ఆలస్యం. అంటే పదకొండున్నరకు తిన్న బిర్యానీలో చాలా భాగం రెండింటికి ఇంకా పొట్టలోనే ఉంటుంది. భోజనం తర్వాత కొత్తగా ఊరిన ఆమ్లం తిన్న ఆహారం మీద తేలుతూ, సరిగ్గా ఆ కండరం కిందే చేరుతుంది. కూర్చుని ఉంటే భూమ్యాకర్షణ దాన్ని కిందే ఉంచుతుంది. పడుకున్నాక ఆ అడ్డు పోతుంది. పైగా నిద్రలో లాలాజలం తక్కువ ఊరుతుంది, గుటకలు వేయడం తగ్గుతుంది. దాంతో పైకి వచ్చిన ఆమ్లం కడుక్కుపోక అక్కడే చాలాసేపు నిలుస్తుంది. మంట అందుకే అంత ఎక్కువ.

అందువల్ల చివరి ముద్దకీ, పడుకోవడానికీ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలి. ఆఫీసు నుంచి నేరుగా హోటల్‌కి వెళ్లి ఏడున్నరకు కూర్చోండి, ఎనిమిదిన్నర కల్లా ముగించండి. ఆ తర్వాత సెకండ్ షోకి వెళ్లినా ఫర్వాలేదు, థియేటర్లో నిటారుగా కూర్చునే ఉంటారు కదా. కానీ ఇంటర్వెల్‌లో పెద్ద పాప్‌కార్న్, కూల్‌డ్రింక్ తీసుకుంటే మూడు గంటల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఏదో ఒక వారం ఆలస్యంగా తినక తప్పకపోతే, అయిదింటికి ఒక అరటిపండో, గుప్పెడు ఉడికించిన శనగలో తినండి. చాలామంది రాత్రి విందు ఉందని మధ్యాహ్నం భోజనం మానేస్తారు. ఆ ఆకలితో తింటే ఎంత తిన్నదీ తెలియదు. రిఫ్లక్స్‌కి అదే పెద్ద కారణం.

హోటల్లో సింగిల్ బిర్యానీ చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది, పంచుకోండి. చికెన్ 65, అపోలో ఫిష్ లాంటి నూనెలో వేయించినవాటి బదులు తందూరీ రెండు మూడు ముక్కలు చాలు. మిర్చీ సాలన్‌లో పల్లీలు, నువ్వులు, నూనె ఉంటాయి కాబట్టి రెండు చెంచాలకు మించొద్దు. రైతాతో ఇబ్బంది లేదు. ముందుగా ఆపాల్సింది కూల్‌డ్రింక్. అందులోని గ్యాస్ పొట్టను సాగదీస్తుంది, త్రేనుపుతో పాటు ఆమ్లాన్నీ పైకి తెస్తుంది. అరుగుతుందని తాగే మసాలా సోడాదీ అదే పని. బీరులో గ్యాస్, మద్యం రెండూ ఉన్నాయి కాబట్టి బిర్యానీతో కలిపి వద్దు. చివర్లో పుదీనా కలిసిన పాన్, ఇరానీ చాయ్ కూడా ఆ రాత్రికి వదిలేయండి.

ఇంటికి వచ్చాక చదవడం, చూడడం ఎలాగన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో మీ సమస్యలో సగం అక్కడే ఉంది. మంచం మీద సగం వాలి, గడ్డం ఛాతీకి ఆనేలా ఫోన్ చూస్తే పొట్ట మడతపడి దానిమీద ఒత్తిడి పెరుగుతుంది. బీన్ బ్యాగ్‌లో కూరుకుపోయినా, బోర్లా పడుకుని పుస్తకం చదివినా అంతే. వెన్ను నిలబెట్టే కుర్చీలో, పాదాలు నేలకు ఆనేలా కూర్చోండి. బెల్టు, బిగుతు ప్యాంటు తీసేసి లుంగీయో, వదులు పైజమానో వేసుకోండి. కళ్లు మూతలు పడుతున్నాయనిపించే వరకు మంచం దగ్గరికి వెళ్లొద్దు.

పడుకునేటప్పుడు ఎడమ పక్కకు తిరగండి. ఆ భంగిమలో జీర్ణాశయం అన్నవాహిక కంటే కింద ఉంటుంది, ఎగదన్నిన ఆమ్లం త్వరగా వెనక్కి దిగుతుంది. కుడి పక్కకు తిరిగితే దీనికి వ్యతిరేకం. తలగడలు పేర్చి తల ఎత్తుకోవడం పొరపాటు, మెడ, నడుము వంగి పొట్ట నలుగుతుంది. మంచం తలవైపు కాళ్ల కింద 15 నుంచి 20 సెం.మీ. ఎత్తున్న చెక్క దిమ్మెలు పెట్టండి. మంచం కదలకుండా ఉందో లేదో చూసుకోండి. అది కుదరకపోతే నడుము నుంచి తల దాకా వాలుగా ఉండే ఫోమ్ వెడ్జ్ దొరుకుతుంది.

ఇక మందు. శనివారం పొద్దున మీరు వేసుకునే పాంటాప్రజోల్ శుక్రవారం రాత్రి మంటకు పనికిరాదు. జీర్ణాశయంలో ఆమ్లాన్ని పంపే కణాలు ఆ సమయంలో పనిచేస్తుంటేనే ఈ మందు వాటిని ఆపగలదు. వాటిని పనిలోకి దించేది భోజనం. అందుకే దీన్ని భోజనానికి అరగంట నుంచి గంట ముందు వేసుకోవాలి. పైగా ఒక్క మాత్రతో పూర్తి ఫలితం రాదు, వరుసగా మూడు నుంచి అయిదు రోజులు వాడాలి. వారానికి ఒక రాత్రి వచ్చే బాధకు ఇది సరైన మందు కాదు. భారీ విందు ఉందని ముందే తెలిస్తే ఫామోటిడిన్ 20 ఎంజీ మాత్ర భోజనానికి అరగంట, గంట ముందు వేసుకోవచ్చు. ప్రభావం పది పన్నెండు గంటలు ఉంటుంది. లేదంటే సోడియం ఆల్జినేట్ సిరప్ భోజనం తర్వాత, పడుకునే ముందు 10 మి.లీ. చొప్పున తాగండి. అది ఆహారం మీద తెట్టులా తేలి ఆమ్లాన్ని కిందే ఆపుతుంది. ఇందులో సోడియం ఉంటుంది కాబట్టి బీపీ, గుండె జబ్బు ఉన్నవారు అడగకుండా వాడొద్దు. కిడ్నీ జబ్బు ఉంటే ఈ రెండింటికీ డాక్టర్‌ను అడగాలి. మందుల షాపులో అడిగితే ఇచ్చే, డోంపెరిడోన్ కలిసిన క్యాప్సూళ్లు సొంతంగా వేసుకోవద్దు. క్లారిత్రోమైసిన్ (యాంటీబయాటిక్), ఫ్లూకొనజోల్ (ఫంగస్ మందు) వంటి మందులతో కలిస్తే గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉంది. చల్లటి పాలు కొద్దిసేపే హాయినిస్తాయి, ఆ తర్వాత ఆమ్లం మళ్లీ ఊరుతుంది. మర్నాడు తలనొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు, పొట్ట లోపలి పొరను గాయపరుస్తాయి.

రాత్రి పుల్లటి నీళ్లు నోట్లోకి వచ్చాక వెంటనే పళ్లు తోముకోవద్దు. ఆమ్లంతో మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌కి అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో అర చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి, తోముకోవడానికి అరగంట ఆగండి.

మీ బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు లెక్క, 29. భారతీయులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తాం. పొట్ట దగ్గరి కొవ్వు లోపలి నుంచి ఒత్తిడి పెడుతుంది. నాలుగైదు కిలోలు తగ్గినా తేడా మీకే తెలుస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం గ్యాస్ అనుకుని ఆగొద్దు. ఛాతీలో బరువు, బిగింపు, ఎడమ చేయికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం ఉన్నా, మెట్లెక్కితే నొప్పి పెరుగుతున్నా వెంటనే 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే ఆసుపత్రికి చేరండి. మనవాళ్లకు ముప్ఫైల్లోనూ గుండెపోటు వస్తోంది. మింగేటప్పుడు ముద్ద అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, రక్తహీనత ఉంటే ఎండోస్కోపీ ఆలస్యం చేయకూడదు.

నాలుగు శుక్రవారాలు ఇలా చేసి చూడండి. అయినా మంట వస్తుంటే, లేదా వారంలో రెండు రోజులకు మించితే, గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. అప్పుడు పాంటాప్రజోల్ రోజూ అల్పాహారానికి ముందు నాలుగు నుంచి ఎనిమిది వారాలు వాడాల్సి రావచ్చు. వెళ్లేటప్పుడు ఆ నాలుగు రాత్రులు ఏం తిన్నారు, ఎన్నింటికి ముగించారు, ఎన్నింటికి పడుకున్నారు, మంట ఎప్పుడు వచ్చింది, ఇప్పుడు వాడుతున్న అన్ని మందులు ఏవి అన్నది కాగితం మీద రాసి తీసుకెళ్లండి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతుంటే అది కూడా అన్నవాహిక చివరి కండరాన్ని వదులు చేస్తుంది. సొంతంగా మానకుండా డాక్టర్‌కు చెప్పండి.