ఇంటి ఆడపడుచుల సంతకం లేకుండా ఇల్లు కొనొచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. పదకొండేళ్ళుగా సికింద్రాబాద్‌లో అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాం. ఇద్దరు పిల్లలు, మా అత్తగారు కూడా మాతోనే ఉంటారు. సైనిక్‌పురిలో 267 గజాల్లో ఒక పాత ఇండిపెండెంట్ ఇల్లు చూశాం. వాకిట్లో రెండు మామిడి చెట్లు, వెనక వేప చెట్టు, వీధంతా నీడ. అమ్ముగూడలో ఎంఎంటీఎస్ ఎక్కితే ఆఫీసుకి ఇబ్బంది లేదు. ధర 2 కోట్ల 40 లక్షలు. స్థలం 1978లో ఆ ఇంటి పెద్దాయన పేరిట రిజిస్టర్ అయింది. ఆయన 2011లో వీలునామా రాయకుండానే చనిపోయారు. ఇప్పుడు ఆయన భార్య, కొడుకు అమ్ముతున్నారు. కూతుళ్ళిద్దరు. పెళ్ళిళ్ళప్పుడే పసుపు కుంకుమల కింద ఇవ్వాల్సింది ఇచ్చేశామని, ఈ ఇంటి మీద వాళ్ళకి హక్కు లేదని కొడుకు అంటున్నారు. పెద్దమ్మాయి 2013లో రాసిచ్చిందని ఒక నోటరీ కాగితం చూపించారు. చిన్నమ్మాయి అమెరికాలో ఉంది, ఫోన్‌లో సరేనంది. వారంలోగా 20 లక్షలు బయానా ఇవ్వాలట, అందులో సగం క్యాష్. బ్యాంకు లోన్ ఇస్తానంటోంది. వేరేవాళ్ళు కూడా చూస్తున్నారని ఏజెంట్ తొందరపెడుతున్నారు. ఇవ్వొచ్చా? - ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: ఇప్పుడే ఇవ్వకండమ్మా. ఇల్లు వదులుకోమని కాదు, మీరు రాసినదాన్ని బట్టి ఇది కొనదగ్గ ఇల్లే. కానీ మీకు అమ్ముతామంటున్న ఇద్దరి చేతిలో ఉన్నది సగం ఇల్లు మాత్రమే. మిగతా సగం ఆ ఇద్దరు కూతుళ్ళది.

ఎలాగంటే, ఆ స్థలం పెద్దాయన స్వార్జితం. వీలునామా లేకుండా పోయారు కాబట్టి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన భార్యకి, కొడుక్కి, ఇద్దరు కూతుళ్ళకి సమానంగా వస్తుంది. నలుగురికీ తలా పావు వంతు. చాలామంది 2005 సవరణ సంగతి ఎత్తి, అమ్మాయి పెళ్ళి ఎప్పుడైంది, తండ్రి ఎప్పుడు పోయాడు అని లెక్కలు వేస్తుంటారు. ఆ సవరణ, దాని మీద 2020లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పిత్రార్జితానికి సంబంధించినవి. తండ్రి సొంతంగా కొన్న ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 నుంచే ఉంది. పెళ్ళయిందా లేదా, అమెరికాలో ఉందా అమలాపురంలో ఉందా అన్నదాంతో పనిలేదు.

పసుపు కుంకుమల మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. పెళ్ళిలో బంగారం పెట్టినా, డబ్బు ఇచ్చినా అది వారసత్వపు వాటాకి చెల్లు కాదు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచి నేరం. నేరం కింద ఇచ్చిన డబ్బుని చూపించి ఆడపిల్ల హక్కు తీరిపోయిందని ఏ కోర్టులోనూ అనలేరు. ఈ మాట చెప్పే అన్నదమ్ములు చాలాసార్లు చెడ్డవాళ్ళు కూడా కాదు, నిజంగానే అలా నమ్ముతారు. కానీ ఆ నమ్మకం మీద మీరు 2 కోట్ల 40 లక్షలు పెట్టకూడదు.

ఇక నోటరీ కాగితం. స్థిరాస్తిలో హక్కు వదులుకుంటున్నానని రాస్తే, ఆ హక్కు విలువ 100 రూపాయలు, అంతకు మించి ఉంటే దాన్ని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాల్సిందే. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ చెప్పేది అదే. నోటరీ స్టాంపు, ఇద్దరు సాక్షులు, ఎర్ర ముద్ర ఎన్ని ఉన్నా రిజిస్టర్ కాని ఆ కాగితంతో పెద్దమ్మాయి పావు వంతు ఎక్కడికీ పోలేదు. చిన్నమ్మాయి ఫోన్‌లో సరేనన్నది ఆమె మంచితనం, అంతవరకే. రేపు ఆమె భర్తో, పిల్లలో వేరే మాట అంటే మీ దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

వాళ్ళిద్దరి సంతకాలు లేకుండా కొంటే ఏమవుతుందో చెప్తాను. మీ సేల్ డీడ్ తల్లీ కొడుకుల సగానికి మాత్రమే చెల్లుతుంది. ఆ సగం ఎక్కడుందో ఎవరూ చూపించలేరు, మామిడి చెట్ల వైపా వేప చెట్టు వైపా అని గీత గీసి లేదు కదా. ఇంకా పంచుకోని కుటుంబపు ఇంట్లో బయటివాళ్ళు వాటా కొంటే వాళ్ళకి ఆ ఇంట్లో ఉమ్మడిగా కాపురం ఉండే హక్కు ఉండదని 1882 ఆస్తి బదిలీ చట్టం 44వ సెక్షన్ అంటుంది. మీకు మిగిలేది భాగపంపిణీ దావా. ఇలాగే ఇద్దరు అన్నదమ్ముల దగ్గర కొన్న ఒక జంట కొన్నేళ్ళ కింద నా దగ్గరికి వచ్చారు. గృహప్రవేశమైన నాలుగో ఏట చెల్లెలు దావా వేసింది, ఇంజంక్షన్ వచ్చింది. ఇల్లు అమ్ముకోవడానికి లేదు, పైన ఒక గది వేసుకోవడానికి లేదు, ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాలి. ఆ చెల్లెలు దుర్మార్గురాలు కాదు, తన వాటా అడిగింది. అన్నదమ్ములు పుచ్చుకున్న డబ్బు అప్పటికే ఖర్చయిపోయింది.

బ్యాంకు లోన్ ఇస్తానన్నదని ధైర్యపడకండి. బ్యాంకు లాయర్ చూసేది బ్యాంకు డబ్బు సంగతి. దావా పడినా లోన్ తీర్చాల్సింది మీరే. పైగా ఈ కాగితాలు వాళ్ళ లాయర్ ఇంకా పూర్తిగా చూసి ఉండకపోవచ్చు. మీ జీతాలు చూసి లోన్ వస్తుందనడం వేరు, ఈ ఇంటి మీద వస్తుందనడం వేరు.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది, అది చాలా ముఖ్యం. 2011లో పెద్దాయన చనిపోయేనాటికి ఆయన తల్లి బతికి ఉన్నారా? కొడుకు ఆస్తిలో తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, అంటే భార్యాపిల్లలతో సమానంగా వాటా వస్తుంది. ఆమె ఉండి ఉంటే వాటాలు నాలుగు కాదు, ఐదు. ఆ తర్వాత ఆమె కూడా వీలునామా లేకుండా కాలం చేస్తే ఆమె ఐదో వంతు పెద్దాయన పిల్లలతో పాటు పెద్దాయన అన్నదమ్ములకి, అక్కచెల్లెళ్ళకి కూడా చేరుతుంది. అంటే మీరు పేరు కూడా వినని మేనత్త ఒకరికి ఆ ఇంట్లో భాగం ఉండొచ్చు. తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తప్పకుండా అడగండి. దాంతో ఆగకుండా పెద్దాయన డెత్ సర్టిఫికెట్, ఆ నానమ్మగారి డెత్ సర్టిఫికెట్ రెండూ పక్కపక్కన పెట్టి తేదీలు చూడండి. ఇరవై నిమిషాల పని, లాయర్లు కూడా చాలామంది వదిలేస్తారు.

దారి ఉంది. అన్నిటికన్నా మంచిది నలుగురూ అమ్మేవాళ్ళుగా సేల్ డీడ్ మీద సంతకం చేయడం. లేదంటే కూతుళ్ళు ముందుగా తల్లికో, సోదరుడికో రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ (వాటా వదులుకునే దస్తావేజు) రాసిచ్చి, ఆ తర్వాత వాళ్ళు మీకు అమ్మడం. అమెరికాలో ఉన్న అమ్మాయి దీనికోసం విమానం ఎక్కనక్కర్లేదు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ, నోటరీ ముందు గానీ ఈ ఇంటికే పరిమితమైన స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి సంతకం చేయాలి. నోటరీ దగ్గర చేయిస్తే అపోస్టిల్ (ఆ నోటరీ సంతకం అసలైనదేనని అక్కడి ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) కూడా వేయించమనండి. ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి వ్యాలిడేషన్ చేయించుకోవాలి. తల్లిగారు పెద్దవారై కదలలేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చి రిజిస్టర్ చేసే వీలు కూడా చట్టంలో ఉంది.

చిన్నమ్మాయి స్వయంగా అమ్మేవాళ్ళలో ఉంటే పన్ను జాగ్రత్త. ఇక్కడ నివాసం ఉండేవాళ్ళ నుంచి 50 లక్షలు, అంతకు మించిన ఇల్లు కొంటే వాళ్ళకిచ్చే సొమ్ములో 1 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. ఎన్నారైకి ఆ 1 శాతం లెక్క వర్తించదు. దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్సు. లాభం ఇంత అని ఆమె ఆదాయపన్ను అధికారి నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే ఆమె వాటా మొత్తం మీద కోయడమే మీకు క్షేమం. మీరు కోయకపోతే ఆ శాఖ వచ్చేది మీ మీదికే. ఆమె ఏమీ పుచ్చుకోకుండా సోదరుడికి రిలీజ్ చేస్తే మీకు ఈ టెన్షన్ ఉండదు.

క్యాష్ మాటకి ఒప్పుకోకండి. ఇంటి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు పుచ్చుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం తప్పు, తీసుకున్నవారికి అంత మొత్తమూ జరిమానా పడుతుంది. మీకు నష్టం ఇంకోలా. బేరం చెడితే అగ్రిమెంట్‌లో లేని ఆ 10 లక్షలు ఇచ్చామని మీరు రుజువు చేయలేరు.

మిగతా కాగితాలు త్వరగా చెప్పేస్తాను. ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది, ఈ ఇంటి దస్తావేజు 1978ది. 1983కి ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించి ఈసీ తీసుకోండి. ఒరిజినల్ దస్తావేజు కళ్ళతో చూడండి. జిరాక్సే చూపిస్తుంటే ఒరిజినల్ ఎక్కడో అప్పుకింద ఉందేమో ఆరా తీయండి. సొసైటీ ప్లాటు అయితే సొసైటీ నుంచి బాకీ లేదన్న పత్రం తీసుకోండి. ఇంటి పన్ను రశీదు, కరెంటు బిల్లు యాజమాన్యానికి రుజువులు కావు. మున్సిపల్ ప్లాను తెప్పించి, కట్టిన అంతస్తులు అనుమతిలో ఉన్నాయో లేదో చూడండి. ఇల్లు కాప్రా చెరువు వైపు ఉంటే హెచ్ఎండీఏ చెరువుల మ్యాపులో ఎఫ్‌టీఎల్ గీత (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు) ఎక్కడుందో కొలిపించండి. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకి ఆ గీత నుంచి 30 మీటర్లు బఫర్ (కట్టడాలు కూడని జాగా), చిన్న చెరువుకి 9 మీటర్లు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక ఈ గీతల విలువ నగరంలో అందరికీ తెలిసింది. ఆ చెట్ల సంగతి కూడా ఒక మాట: కారు పెట్టుకోవడానికని మామిడి చెట్టు కొట్టించాలన్నా 2002 వాల్టా చట్టం కింద ముందు అనుమతి కావాలి. నీడ చూసి కొంటున్నారు కాబట్టి మీకా అవసరం రాదనుకుంటాను.

రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంపు డ్యూటీతో కలిపి 7.5 శాతం దాకా అవుతుంది, అది పక్కన పెట్టుకుని లోన్ లెక్క వేసుకోండి.

వేరేవాళ్ళు కొనేస్తారన్న భయం ఉంటుంది, కాదనను. కూతుళ్ళ సంతకాలు లేని ఈ ఇంటిని కాగితాలు చూసుకునేవాళ్ళెవరూ వారంలో కొనలేరు. రేపు ఆ అబ్బాయికి ఫోన్ చేసి ఇలా చెప్పండి: "ఇల్లు మాకు నచ్చింది, ధర తగ్గించమని కూడా అడగం. మీ అక్కచెల్లెళ్ళతో కలిపి నలుగురూ అమ్మేవాళ్ళుగా అగ్రిమెంట్ రాయండి. అక్కగారు ఇక్కడే సంతకం చేస్తారు, అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ రాగానే బయానా మొత్తం చెక్కు రూపంలో, నలుగురి ఖాతాల్లోకి ఇస్తాం. నాలుగు నెలల్లో రిజిస్ట్రేషన్, హక్కుల్లో లోపం తేలితే బయానా వెనక్కి. ఆ అగ్రిమెంట్‌ని రిజిస్టర్ కూడా చేయిద్దాం." ఆయన ఒప్పుకుంటే, ఆ ముసాయిదా మీద సంతకం పెట్టే ముందు లింకు డాక్యుమెంట్లతో (ఇంటి పాత దస్తావేజులతో) సహా మీరు పెట్టుకున్న లాయర్‌తో ఒకసారి చదివించుకోండి.