తమ్ముడి ఫోనులో చెప్పకుండా పెట్టిన యాప్

ప్రశ్న: మేము బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటాం. శిక్ష పూర్తి చేసుకుని పరప్పన అగ్రహార జైలు నుంచి వచ్చిన మా తమ్ముడు మా ఇంట్లోనే ఉంటున్నాడు. ఎక్కడున్నాడో చూపించే యాప్‌ను మావారు వాడికి తెలియకుండా వాడి ఫోనులో పెట్టారు. "విదేశాల్లో జాడ తెలిసేలా కాలికి పట్టీయే కడతారు, ఇందులో తప్పేముంది?" అంటారు. మొన్న మ్యాపులో వాడి గుర్తు మెజెస్టిక్ బస్టాండు దగ్గర రెండు గంటలు కదల్లేదు. నాకు ముద్ద దిగలేదు. ఏం చేయను?

జవాబు: అమ్మా, వాడు బస్సు కోసం నిలబడ్డాడో, పని అడగడానికి వెళ్లాడో, పాత స్నేహితులను కలిశాడో ఆ గుర్తు చెప్పదు. పైగా ఇంటికి వచ్చాక "ఎక్కడికి వెళ్లావురా?" అని అడిగే దారి కూడా మీకు మూసుకుపోయింది. జవాబు ముందే తెలిసి అడిగితే అది పలకరింపు కాదు, విచారణ. యాప్ లేనప్పుడు ఇదే మాట మీరు నిస్సంకోచంగా అడగగలిగేవారు.

మీవారి వాదన నిలవదు. కాలిపట్టీ అంటే ఆ మనిషికి తెలిసి, కోర్టో అధికారులో పెట్టే షరతు. రాష్ట్రాలకు నమూనాగా కేంద్రం రాసిన 2023 జైళ్ల చట్టం కూడా, సెలవుపై బయటికి వెళ్లే ఖైదీ అలాంటి పరికరాన్ని ఇష్టపడి ధరించాలనే చెబుతోంది. బెయిల్‌పై ఉన్న నిందితుడి ప్రతి కదలికనూ పోలీసులు చూసేలా షరతు పెట్టకూడదని 2024 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. మీ తమ్ముడు శిక్షే ముగించుకుని వచ్చాడు. జైల్లో గది తలుపు తీసేటప్పుడూ వేసేటప్పుడూ తలలు లెక్కపెడతారు. అక్క ఇంట్లోనూ ఆ లెక్కే నడుస్తోందని వాడంతట వాడు కనిపెట్టకముందే మీరు చెప్పేయాలి.

చెప్పడం మీ ఒక్కరి మీద వేసుకోకండి, మీవారిని పక్కన కూర్చోబెట్టుకోండి. "బావ భయపడి పెట్టారు, నేనూ చూశాను, ఇప్పుడే తీసేస్తున్నాం" అంటే చాలు. కోప్పడితే కోప్పడనివ్వండి, అది న్యాయమైన కోపమే.

అయితే మీవారి భయాన్ని నేను కొట్టిపారేయను. పిల్లల గురించా, డబ్బు గురించా, పోలీసులు గడప తొక్కుతారనా? అదేమిటో తమ్ముడి ఎదుటే చెప్పమనండి. ఆలస్యమైతే ఫోను చేయాలి, ఫలానా మనుషులు ఇంటికి రాకూడదు వంటివి ముగ్గురూ ఒప్పుకుని పెట్టుకోవచ్చు. కోర్టు షరతులేమైనా మిగిలి ఉన్నాయేమోనన్న సందేహం ఉంటే, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేసి కనుక్కోండి.

ఇంత మాట్లాడుకున్నాక కూడా మీవారికి కుదరకపోతే, దగ్గర్లో తమ్ముడికో గది చూడండి. భోజనానికి మీ ఇంటికే వస్తాడు.